జర్మనీకి పనికి వెళ్లే రొమేనియన్లు ముందే చూసుకోవాల్సినవి

ఏప్రిల్‌లో అక్కడ ఆస్పరాగస్ అనే కూరగాయ కోతలు మొదలవుతాయి, బస్సు ఎక్కేలోపు ఇవి చూసుకోండి.

- తల్లిదండ్రులిద్దరూ వెళ్తుంటే కనీసం 40 రోజుల ముందే స్థానిక సంక్షేమ కార్యాలయంలో చెప్పి, పిల్లల బాధ్యతను కోర్టు ద్వారా అమ్మమ్మకో, బాబాయికో అప్పగించండి. రొమేనియా బాలల హక్కుల చట్టం (272/2004) అడిగేది ఇదే. నోటిమాటతో వదిలేస్తే రేపు ఆస్పత్రిలో సంతకం దగ్గరే పని ఆగిపోతుంది, మీరేమో ఎక్కడో దూరదేశంలో ఉంటారు.

- ఒప్పందం రొమేనియన్‌లో అడిగి చదవండి. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు, గది అద్దెకు, తిండికి ఎంత పట్టుకుంటారో అందులోనే ఉండాలి.

- స్వల్పకాలిక పనికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా సాధారణంగా రాదు, యజమాని ఏ బీమా చేయించారో కాగితం తీసుకోండి.

- అక్కడే స్థిరపడేవాళ్లు ఇంట్లో చేరిన 2 వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి.

- పనిచేసిన గంటలు రోజూ మీరే రాసుకోండి, జీతం దగ్గర గొడవొస్తే చూపించడానికి అదే ఉంటుంది.