గనుల గొడవపై డాక్యుమెంటరీ – 3వ పాఠం: కాగితం పట్టుకుని కొండెక్కడం

ఊరివాళ్ల అనుమతి ఎలా అడగాలో, ముఖం చూపించొద్దన్నవాళ్లను ఎలా చిత్రీకరించాలో కిందటి పాఠంలో చూశాం. ఈసారి కెమెరా తీయకముందే చెయ్యాల్సిన పని, కాగితాలు చదవడం.

విశాఖ మన్యాన్నే తీసుకుందాం. 2015 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 97 ఇచ్చి, చింతపల్లి ప్రాంతంలోని జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అటవీభూమిని బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకాలకు ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీకి అప్పగించింది. ఆదివాసులు గట్టిగా ఎదురుతిరిగారు. 2019లో ఆ జీవో రద్దయింది. ఈ మూడు వాక్యాలతో సినిమా మొదలుపెడితే సగం కథ పోతుంది. దీని వెనక, ఆదివాసీ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది, 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఆదివాసుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలో, ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. అనంతగిరి మండలం బొర్రా వైపు లీజుల మీద సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు అది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఉంది, దాంట్లో గ్రామసభ మాటకు బలం ఉంది.

ఒక నోట్‌బుక్‌లో తేదీలన్నీ వరసగా రాయండి. ప్రతి తేదీ పక్కన ఒకటే ప్రశ్న: అప్పుడు ఊరిని ఎవరైనా అడిగారా? జవాబు లేని చోటే మీ సినిమాలో అసలు సన్నివేశం.

ఇప్పుడు కొండెక్కండి. దయచేసి "మీ బాధ చెప్పండి" అని ఎవర్నీ అడగొద్దు. అలా అడిగితే మనిషి కన్నీళ్లే దొరుకుతాయి, ఆ మనిషికి తెలిసిన విషయం దొరకదు. "ఈ గెడ్డలోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి?" అని అడగండి. ఆయన లేచి నడుస్తాడు, మీరు వెనకే వెళ్లాలి. కొండ నెత్తిన ఉన్న బాక్సైట్ పొర వాన నీటిని పట్టి ఉంచి, వాలులో ఊటలుగా వదులుతుంది. ఆ ఊట దగ్గరికి చేరేదాకా కెమెరా ఆపొద్దు. దారిలో కాఫీ తోట, మిరియాల తీగలు వాటంతటవే ఫ్రేమ్‌లోకి వస్తాయి. వీలైతే అదే గెడ్డను వేసవిలోనూ, వానలు తగ్గాకా, అదే చోట నిలబడి తీయండి. ఆ రెండు షాట్లు చెప్పినంత ఏ నిపుణుడూ చెప్పలేడు.

మాట్లాడే మనిషి భాష కువి కావచ్చు, ఆదివాసీ ఒడియా కావచ్చు. తెలుగులో చెప్పమని బలవంతం చెయ్యొద్దు. వాళ్ల గొంతు అలాగే ఉంచి కింద తెలుగు అక్షరాలు వెయ్యండి. అనువాదానికి కాంట్రాక్టరు మనిషిని తీసుకెళ్తే టెన్షన్ అంతా ఊరివాళ్లకే, నోరు విప్పరు. ఆ భాష వచ్చిన ఊరి యువతో, టీచరో మేలు.

కంపెనీకి, సంబంధిత శాఖకు కూడా రాతపూర్వకంగా ప్రశ్నలు పంపండి. జవాబిస్తే సినిమాలో పెట్టండి. ఇవ్వకపోతే ఏ తేదీన అడిగారో తెరమీద వెయ్యండి, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఈ వారం అభ్యాసం: మీకు దగ్గర్లోని క్వారీ గానీ గని గానీ ఎంచుకోండి. కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ వెబ్‌సైట్‌లో దాని పర్యావరణ అనుమతి పత్రం వెతకండి, ప్రజాభిప్రాయ సేకరణ జరిగి ఉంటే ఆ మినిట్స్ (సభలో ఎవరేం అన్నారో రాసిన నమోదు) కూడా. అందులోంచి ఒక్క షరతు తీసుకోండి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం లాంటిది. అక్కడికి వెళ్లి ఆ షరతు అమలవుతోందో లేదో నిమిషం నిడివిలో, కట్ లేకుండా తీయండి. కంచె దాటి లోపలికి వెళ్లొద్దు, రోడ్డు మీద నిలబడే తీయండి. 4వ పాఠంలో ఆ నిమిషానికి శబ్దం ఎలా రికార్డు చెయ్యాలో చూద్దాం.