చెప్పుల అలమర పైన గోడ ఇలా కుదిరింది

మా ఫ్లాట్ తలుపు తీయగానే ఇరుకైన నడవా. అందులో మూడడుగుల వెడల్పు చెప్పుల అలమర, ఎక్కడో సీలింగ్ దగ్గర చిన్న శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మ. రెండింటికీ సంబంధమే లేనట్టుండేది. కొత్త సామాను ఏదీ కొనకుండానే సర్దేశాను.

కింది సామాను వెడల్పులో బొమ్మ మూడింట రెండు వంతులుంటే కంటికి నిండుగా ఉంటుంది. అంటే ఇక్కడ రెండడుగులు. కలంకారీ ఫ్రేముతో కలిపి పదకొండు అంగుళాలే. అందుకని అంతే సైజులో ఇంట్లో ఉన్న చేర్యాల నకాషీ బొమ్మను (తెలంగాణ సంప్రదాయ పటచిత్రం) దాని పక్కనే ఉంచి, మధ్య రెండంగుళాల సందు వదిలాను. చేర్యాల ఎరుపు మరీ గాఢం, పక్కదాన్ని మింగేస్తుందేమోనని కాస్త టెన్షన్. రెండింటికీ ఒకే రకం టేకు ఫ్రేము కట్టించాక కలిసిపోయాయి. అలమర కూడా టేకు రంగే, అది అదృష్టం.

ఇక ఎత్తు. ఫ్రేము అడుగు అంచు అలమరకు ఏడెనిమిది అంగుళాల పైన ఉండాలి. డ్రిల్లు పెట్టే ముందు అదే కొలతకు న్యూస్‌పేపర్ కత్తిరించి టేపుతో అంటించి చూసుకోండి. కలంకారీవి సహజ రంగులు, నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి. అందుకే దాన్ని తలుపుకు దూరంగా ఉన్న వైపు పెట్టాను.