కట్టలో మిగిలిన కాడలతో పుదీనా తొట్టి

మా విజయవాడ ఇంట్లో తూర్పు బాల్కనీలో ఉన్న పుదీనా అంతా, పచ్చడికి ఆకులు తుంచేశాక మిగిలిన ఆరు కాడల నుంచి వచ్చిందే.

అన్ని కాడలూ పనికిరావు. మరీ లేతవి నీళ్లలో మెత్తబడి కుళ్లిపోతాయి. కొంచెం గట్టిగా, ఊదారంగు తిరిగినవి ఏరుకోండి. కణుపుల దగ్గర సన్నటి తెల్లవేర్లు అప్పటికే మొలిచిన కాడ దొరికితే వదలొద్దు. జానెడు పొడవు ఉంచి, కణుపుకి కాస్త కిందగా కత్తెరతో కోయాలి. వేరు ముందు పుట్టేది అక్కడే. కొసన నాలుగు ఆకులుంచి కిందివి తీసేయండి. ఆకు నీళ్లలో మునిగితే కుళ్లి వాసనొస్తుంది.

గాజుగ్లాసులో రెండు కణుపులు మునిగేలా నీళ్లు పోసి, వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెడతాను. నేరుగా ఎండ తగలనివ్వను. రోజు విడిచి రోజు నీళ్లు మార్చాలి. మొదటిసారి నేను వారం దాకా మార్చలేదు, కాడలన్నీ జిగురుపట్టి నల్లబడ్డాయి. చాలా బాధేసింది. సరిగ్గా చూసుకుంటే వారం పది రోజుల్లో వేర్లు కనిపిస్తాయి. రెండంగుళాలు పెరిగేదాకా ఆగండి.

తొట్టి లోతుకన్నా వెడల్పు ముఖ్యం. పుదీనా పక్కలకు పాకుతూ, కణుపు కణుపుకీ వేరు వేసుకుంటూ పోతుంది. నేను పాత ప్లాస్టిక్ టబ్బుకి అడుగున చిల్లులు పెట్టాను. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కాస్త ఇసుక. పచ్చిపేడ వేస్తే వేర్లు మాడిపోతాయి. నాటాక నాలుగు రోజులు నీడలో ఉంచండి. అదే తొట్టిలో ఇంకో మొక్క పెట్టొద్దు, పుదీనా దాన్ని కమ్మేస్తుంది.

పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు చాలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండకి మాత్రం వదలకండి. ఆ రోజుల్లో నేను టబ్బుని గోడ నీడలోకి జరిపి, రెండు పూటలా నీళ్లు పోస్తాను. మిగతా కాలంలో వేలితో మట్టి తాకి, పైన ఆరిందనిపిస్తేనే పోస్తాను. వానాకాలంలో నీళ్లు నిలవనివ్వకండి.

కాడలు జానెడు దాటి గుబురుగా పెరిగాక మొదటి కోత. ఒక్కో ఆకు గిల్లకుండా, కింద రెండు కణుపులు వదిలి కాడనే కోయండి. ఆ కణుపుల నుంచి రెండేసి కొమ్మలు వస్తాయి. కోశాక గుప్పెడు వర్మీకంపోస్టు చల్లుతాను. పూమొగ్గ కనిపిస్తే తుంచేయండి, పువ్వు వచ్చాక ఆకు చిన్నదవుతుంది. పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు) పడితే ముందు నీళ్లతో గట్టిగా కడగండి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

ఏడాది తిరిగేసరికి వేర్లు టబ్బంతా అల్లుకుని, మధ్యలో ఆకు పలచబడుతుంది. అప్పుడు మొత్తం పెకలించి నాలుగు ముక్కలు చేసి, ఒకటి కొత్తమట్టిలో నాటుతాను. మిగతావి తడి కాగితంలో చుట్టి పక్కింటి పిన్నిగారికి ఇస్తాను. మా కరివేపాకు మొక్క ఆవిడ ఇచ్చిన పిలకే.