హైస్కూల్ ఇంగ్లీష్ రైటింగ్ క్లాసు: ఏం చేయిస్తారు, ఎలా రాయాలి?

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా నాతో ఒకటే మాట అంటారు. “సార్, చదివితే అర్థమవుతుంది. రాయమంటేనే ఏం రాయాలో తెలియదు.” నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో ఉన్న పల్లెల పిల్లలు వీళ్ళు. కొందరి ఇళ్ళలో వరి సాగు, కొందరికి రొయ్యల గుంటలు, కొందరి నాన్నలు సముద్రం మీద వేటకు వెళ్తారు. తెలుగులో కదిలిస్తే గంటసేపు కబుర్లు చెప్తారు. ఇంగ్లీష్ నోటుపుస్తకం తెరిస్తే మాత్రం పెన్ను కదలదు.

నేను చదువుకునే రోజుల్లో ఇంగ్లీష్ రాయడమంటే గైడు చూసి రాయడమే. ‘మా ఊరు’ గురించి రాయమంటే క్లాసు మొత్తం ఒకే వ్యాసం రాశాం. అందులోని ఊరు గోదావరి ఒడ్డున ఉంది. మా ఇంటి వెనక పారేది పెన్నా కాలువ. దాని గురించి రాయవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. అందుకే ఇప్పుడు నా క్లాసులో మొదటి రోజే చెప్తాను: మీ ఇంటి వెనక ఉన్నదే రాయండి, తప్పులుంటే దిద్దుకుందాం. కొత్తగా ఈ క్లాసులోకి వస్తున్న పిల్లల కోసం, వాళ్ళ అమ్మానాన్నల కోసం ఏడాది పొడవునా మేం చేయించే పని వరసగా చెప్తున్నాను.

1. ముందు మాట్లాడండి

మొదటి పది పదిహేను రోజులు పెద్దగా రాయించం. మాట్లాడిస్తాం. ఇది చూసి కొందరు తల్లిదండ్రులు “ఇంకా ఏమీ రాయించలేదా సార్” అని అడుగుతారు. నోటితో చెప్పలేని సంగతి కాగితం మీదికి రాదు. అందుకే ఈ రోజులు తప్పనిసరి.

ఏం మాట్లాడాలో ఎంచుకోవడం ఇక్కడ అసలు పని. ‘రొట్టెల పండుగ’ అని ఇస్తే పిల్లలు వెంటనే “నెల్లూరులో ఘనంగా జరుగుతుంది, లక్షలాది భక్తులు వస్తారు” అని మొదలుపెడతారు. అది పేపర్లో చదివిన వార్త. మీరు వెళ్ళినప్పుడు ఏం చూశారు? స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి నిలబడ్డప్పుడు కాళ్ళ కింద ఎలా ఉంది? మీ అమ్మ ఏ కోరికతో ఏ రొట్టె పట్టుకుంది, విద్య రొట్టా, ఆరోగ్య రొట్టా? ఎవరు ఇచ్చారు? కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు కదా, ఆ ఇచ్చినామె ఏం చెప్పింది? ఇలా అడుగుతూ పోతే ఒక్క పండుగలో ఒక్క ఐదు నిమిషాలు మిగులుతుంది. రాయాల్సింది ఆ ఐదు నిమిషాల గురించే.

2. తెలుగులో గుర్తులు రాసుకోండి

ఇంగ్లీష్ క్లాసులో తెలుగు రాయకూడదని చాలామంది అనుకుంటారు. నేను రాయనిస్తాను. ఒక పేజీలో అడ్డదిడ్డంగా మాటలు రాసుకోండి: నీళ్ళు, జనం, తడిసిన పరికిణీ, రొట్టె, అమ్మ ఏడ్చింది. తర్వాత ఏది ముందు, ఏది వెనక అని పక్కన అంకెలు వేయండి. ఇంగ్లీష్ మాట తెలిసినచోట ఇంగ్లీష్‌లోనే రాయండి, తెలియకపోతే తెలుగులో ఉంచండి.

కొన్ని తెలుగు మాటలకు ఇంగ్లీష్ ఉండదు. చేపల పులుసును ‘ఫిష్ సూప్’ అని రాసిన పిల్లలున్నారు. అలా మార్చవద్దు. పులుసు అన్న మాటనే ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి, పక్కనే చింతపండు పులుపుతో చేసే కూర అని ఇంగ్లీష్‌లో ఒక చిన్న వాక్యం చేర్చండి. చదివేవాళ్ళకు అర్థమవుతుంది, మీ వంటకం మీ వంటకంగానే ఉంటుంది.

3. ఐదు వాక్యాలు రాయండి, అంతకంటే వద్దు

రాయడం మొదలుపెట్టాక మొదటి నెలంతా రోజుకు ఐదు వాక్యాలే. పేజీ నింపాలన్న ఆత్రంలో పిల్లలు ఒకే తప్పును ఇరవైసార్లు రాసి అలవాటు చేసుకుంటారు. ఐదే అయితే ఒక్కోదాన్ని ఆగి చూసుకోవచ్చు.

మన పిల్లల తప్పుల్లో ఎక్కువ భాగం తెలివి తక్కువై వచ్చినవి కావు. తెలుగు వాక్యం ఒకలా నడుస్తుంది, ఇంగ్లీష్ ఇంకోలా నడుస్తుంది. ఆ తేడా ఒకసారి కళ్ళకు కనిపిస్తే సగం భయం పోతుంది.

‘మా నాన్న రైతు.’ తెలుగులో ఇది నిండు వాక్యం. ఇందులో క్రియ లేదు, అవసరమూ లేదు. దీన్నే పిల్లలు ‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాస్తారు. ఇంగ్లీష్‌లో క్రియ లేని వాక్యం నిలబడదు. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అనాలి.

‘నిన్న మైపాడుకు వెళ్ళాం.’ ఇక్కడ ‘మేం’ అన్న మాట రాయకపోయినా ‘వెళ్ళాం’లోనే ఉంది. ఇంగ్లీష్ క్రియ ఆ పని చేయదు, కాబట్టి వెళ్ళింది ఎవరన్నది ముందే చెప్పాలి. పైగా మన క్రియ చివర వస్తుంది, వాళ్ళ క్రియ కర్త వెంటనే వస్తుంది. ‘ఉయ్ వెంట్ టు మైపాడు యెస్టర్‌డే.’ మైపాడు‘కు’ అని మనం వెనక తగిలించేది అక్కడ ‘టు’ అయి ముందుకు వచ్చింది, చూశారా. అందుకే ప్రతి వాక్యం రాశాక రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. ఎవరు? ఏం చేశారు? ఈ రెండూ వాక్యం మొదట్లోనే పక్కపక్కన ఉన్నాయా?

‘అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, ఆవు వచ్చింది.’ మనకు మూడింటికీ ఒకటే క్రియ. ఇంగ్లీష్‌లో క్రియ ముందు వాడే మాట మారుతుంది: అమ్మ ‘షి’, బస్సు ‘ఇట్’. అలాగే ‘నాన్నగారు వచ్చారు’ అని మనం గౌరవంగా బహువచనం వాడతాం. ఆ గౌరవాన్ని ఇంగ్లీష్‌లోకి తీసుకెళ్ళి ‘మై ఫాదర్ ఆర్’ అని రాసే పిల్లలను తిట్టడానికి నాకు మనసు రాదు. ఇంగ్లీష్‌లో నాన్న ఒక్కరే, ‘ఈజ్’ చాలు అని చెప్తాను.

‘ఎ’, ‘ది’ అన్నవి మనకు లేనే లేవు కాబట్టి అవి ఆలస్యంగానే వస్తాయి, టెన్షన్ పడవద్దు. మొదట్లో ఒక్క సూత్రం పట్టుకోండి. ఒక వస్తువు గురించి మొదటిసారి చెప్తే ‘ఎ’, అదే వస్తువు గురించి మళ్ళీ చెప్తే ‘ది’. ‘ఐ సా ఎ బోట్. ది బోట్ వాజ్ గ్రీన్.’ ఇక ‘డిడ్ నాట్ వెంట్’ అన్న తప్పు మాత్రం పదో తరగతి చివరి దాకా వెంట వస్తుంది. ‘డిడ్’లోనే గతం వచ్చేసింది. రెండోసారి అక్కర్లేదు. ‘డిడ్ నాట్ గో.’

4. డిస్కోర్సుల పద్ధతి నేర్చుకోండి

ఉత్తరం, డైరీ, సంభాషణ, జీవిత పరిచయం, నోటీసు, ఉపన్యాసం, వార్త, పట్టిక చూసి పేరా రాయడం: వీటిని మా టీచర్ల భాషలో డిస్కోర్సులు అంటాం. ప్రతిదానికీ ఒక ఆకారం ఉంటుంది. తేదీ ఎక్కడ, చిరునామా ఎక్కడ, సంతకం ఎక్కడ అన్నది రెండు వారాల్లో వచ్చేస్తుంది. లోపల ఏం రాయాలన్నదే కష్టం.

సెలవు చీటీ సంగతే చూడండి. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అన్న వాక్యం రాయని తెలుగు పిల్లాడు లేడు. అక్క పెళ్ళి ఉన్నా జ్వరమే, నాట్లు ఉన్నా జ్వరమే. ఎందుకంటే అందరికీ నోటికి వచ్చింది ఆ ఒక్క వాక్యమే. నా క్లాసులో అసలు కారణం రాయాలి. అక్క పెళ్ళి అని రాయడానికి కావాల్సినవి నాలుగైదు మాటలే, అవి అప్పటికే మీకు తెలుసు.

ఉత్తరం రాయడం నేర్పేటప్పుడు ఆర్టీసీ డిపో మేనేజర్‌కు రాయిస్తాను. బడి వదిలే వేళకు బస్సు లేకపోతే ఏం జరుగుతుందో వీళ్ళకు బాగా తెలుసు. ‘దయచేసి బస్సు వేయండి’ అని రాస్తే చాలదు. ఏ దారిలో, ఏ టైముకు, ఎంతమంది పిల్లలు, ఇప్పుడు ఎలా వెళ్తున్నారు అన్నవి ఉండాలి. పరీక్షలో ఇలాంటి ఉత్తరం వస్తే మీ సొంత పేరు, బడి పేరు రాయకండి. ప్రశ్నలో ఇచ్చిన పేరే వాడండి.

జీవిత పరిచయానికి మేం ఎక్కువగా టంగుటూరి ప్రకాశం పంతులును తీసుకుంటాం. 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టడం, లండన్‌లో బారిస్టరు చదువు, 1921లో స్వరాజ్య పత్రిక, 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక నిరసన, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి కావడం, 1957 మే 20న మరణం. ఇవి బోర్డు మీద రాస్తే పిల్లలు ఆరు వాక్యాలు రాస్తారు, ఆరూ ‘హి’తోనే మొదలవుతాయి. మొదటిది తరచుగా ‘హి బార్న్’ అని ఉంటుంది. తెలుగులో ‘పుట్టాడు’ అంటే సరిపోతుంది కాబట్టి ఆ తప్పు వస్తుంది, ‘హి వాజ్ బార్న్’ అనాలి.

అది దిద్దాక అడుగుతాను: వీటిలో మీ మనసులో నిలిచింది ఏది? దాదాపు అందరూ 1928 అంటారు. తుపాకుల ముందు చొక్కా విప్పి గుండె చూపించిన మనిషి కదా. అయితే దానికి మూడు వాక్యాలు ఇవ్వండి, మిగతావాటిని కలిపేయండి. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారన్న సంగతి చివర చేర్చండి. తేదీల జాబితా అప్పుడు ఒక మనిషి కథలా చదివిస్తుంది.

పట్టికలు, పోస్టర్లు త్వరగానే వస్తాయి. వాటికి ఒక్కో వారం చాలు.

5. ఎర్ర ఇంకు చూసి భయపడకండి

రాసిన కాగితాన్ని ముందు గ్రూపులో నలుగురూ చదువుతారు. గట్టిగా చదవాలి. చదువుతూ తడబడిన చోట ఒక గీత పెట్టుకోండి, తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఆ తర్వాతే నా దగ్గరికి రావాలి.

నేను ఒకసారికి ఒక రకం తప్పే దిద్దుతాను. ఈ వారం క్రియలు, వచ్చే వారం స్పెల్లింగులు. పేజీ అంతా ఎర్రగా చేసి ఇస్తే పిల్లలు మార్కు చూసి మూసేస్తారు, ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. దిద్దిన నోటుపుస్తకం చేతికి వచ్చాక చివరి పేజీలు తెరిచి మూడు వరసలు గీయండి. నేను రాసింది, రాయాల్సింది, ఎందుకు. మూడో వరస తెలుగులో రాసినా ఫర్వాలేదు. తర్వాత ఆ పేరాను మళ్ళీ మొత్తం రాయాలి. ఇది పిల్లలకు బొత్తిగా నచ్చని పని. అయినా నేను పట్టు వదలను. రాయడం నిజంగా వచ్చేది ఆ రెండోసారి రాసేటప్పుడే.

ఫోన్‌లో తెలుగులో చెప్తే ఇంగ్లీష్ వచ్చేస్తుందని ఈమధ్య కొందరు తెలివిగా అలా రాసి తెస్తున్నారు. వాడుకోండి, కానీ మీరు రాసిన తర్వాత. మీ వాక్యం, ఫోన్ ఇచ్చిన వాక్యం పక్కపక్కన పెట్టుకుని తేడా వెతికితే అది కూడా పాఠమే.

6. పరీక్షకు చేతిని అలవాటు చేయండి

పదో తరగతి ఇంగ్లీష్ పేపరు 100 మార్కులకు. పాస్ మార్కులు 35. మొత్తం 3 గంటల 15 నిమిషాలు, అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి. ఆ 15 నిమిషాల్లో రైటింగ్ ప్రశ్నలు ముందు చదవండి. మిగతావి రాస్తుండగా వాటి గురించి మనసులో ఆలోచన నడుస్తుంది. జనవరి నుంచి వారానికి ఒక రోజు గడియారం పెట్టుకుని ఒక డిస్కోర్సు 20 నిమిషాల్లో పూర్తిచేయండి. చివరి 3 నిమిషాలు ‘ఎవరు, ఏం చేశారు’ చూసుకోవడానికి ఉంచుకోండి.

7. ఇంట్లో పెద్దవాళ్ళు చేయాల్సింది

“మాకు ఇంగ్లీష్ రాదు సార్, మేమేం చూస్తాం” అని చాలామంది అమ్మలు అంటారు. మీరు చూడగలరు. ఆదివారం సాయంత్రం నోటుపుస్తకం తెరిపించి, “ఈ వారం ఏం రాశావో తెలుగులో చెప్పు” అని అడగండి. సొంతంగా రాసిన పిల్ల ఆపకుండా చెప్తుంది, మధ్యలో రాయని సంగతులు కూడా కలుపుతుంది. తడబడుతూ ఉంటే అది గైడులోంచి ఎక్కించింది. తిట్టకండి. అసలు ఏం జరిగిందో మీకే చెప్పమనండి, చెప్పింది రేపు రాసుకుని రమ్మనండి.