స్టెరాయిడ్ వాడేవాళ్ల హార్మోన్ రిపోర్టు తేడాగా వస్తే ముందు ఏం చూడాలి

రాయగడలో 14 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. గుణుపురం నుంచి, మునిగుడ నుంచి, అటు పార్వతీపురం నుంచి కూడా జిమ్ కుర్రాళ్లు మా దగ్గరికి వస్తారు. రిపోర్టు చేతిలో పెట్టుకుని అడిగేది ఒకటే మాట: "అన్నా, ఈ నంబరేటి ఇలా వచ్చింది?" నేను తిరిగి అడిగేదీ ఎప్పుడూ ఒకటే. రక్తం ఏ రోజు, ఎన్ని గంటలకి ఇచ్చావు? ఆఖరి ఇంజక్షన్ ఎప్పుడు పడింది? రక్తం ఇచ్చే ముందు మూడు రోజుల్లో ఏమేం మింగావు? పదిమందిలో తొమ్మిదిమంది దగ్గర జవాబు ఉండదు. కానీ అప్పటికే ఎవరో చెప్పిన ఇంకో మాత్ర మొదలుపెట్టేసి ఉంటారు.

నేను మాట్లాడేది కండలు పెంచే స్టెరాయిడ్ల గురించి. ఆస్తమాకి, కీళ్ల వాతానికి డాక్టర్లు ఇచ్చేవి వేరు. డాక్టరు రాయకుండా వీటిని వాడటం ప్రమాదం, ఆ మాట ప్రతి ఒక్కరికీ ముఖం మీదే చెబుతాను. అయినా వాడుతున్నవాళ్లు ఉన్నారు, మానేసి కోలుకుంటున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర డబ్బు తక్కువ. ఆ డబ్బు పనికిరాని పరీక్షలకి పోకూడదు, వచ్చిన రిపోర్టు వాళ్లని తప్పుదారి పట్టించకూడదు. అందుకే ఇది రాస్తున్నాను.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఎనభై పరీక్షల ప్యాకేజీ చవకగా కనిపిస్తుంది. అందులో సగం మీకు అక్కరలేనివి, కావాల్సినవి కొన్ని అందులో ఉండవు. వాడుతున్నంత కాలం ప్రాణానికి ముప్పు తెచ్చేవి హార్మోన్ నంబర్ల కంటే రక్తం చిక్కబడటం, మంచి కొలెస్ట్రాల్ పడిపోవడం, కాలేయం, కిడ్నీ, బీపీ. కాబట్టి ముందు సీబీసీ (రక్తకణాల లెక్క), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), క్రియాటినిన్ (కిడ్నీ), లివర్ పరీక్ష. బీపీ చూపించుకోవడానికి ఖర్చే లేదు. ఒడిశాలో ప్రభుత్వాసుపత్రుల్లో నిదాన్ పథకం ఉంది, అక్కడ చేసే పరీక్షలకి డబ్బు తీసుకోరు. ఈ మామూలు పరీక్షల కోసం ముందు అక్కడ అడగండి. బరంపురం వైపు వాళ్లకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్ వైపు వాళ్లకి అక్కడి మెడికల్ కాలేజీ ఉన్నాయి.

హార్మోన్లలో ముఖ్యమైనది టోటల్ టెస్టోస్టెరాన్. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలని పనిచేయించే మెదడు హార్మోన్లు) పరీక్షలు స్టెరాయిడ్ మానేసిన తర్వాత చేయించుకోవాలి. బయటి నుంచి హార్మోన్ వస్తున్నప్పుడు మెదడు ఆ రెండింటినీ ఆపేస్తుంది, వాడుతుండగా చూస్తే సున్నాకి దగ్గరగానే వస్తాయి. తెలిసిన సంగతికి డబ్బు కట్టినట్టు. ఫ్రీ టెస్టోస్టెరాన్ అని విడిగా అమ్మే మామూలు పరీక్షని నేను ఎవరికీ చెప్పను, అది నమ్మదగ్గది కాదు. నిజంగా అవసరమైతే టోటల్‌తో పాటు ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ (రక్తంలో హార్మోన్‌ని పట్టి ఉంచే ప్రొటీన్లు) చేయించి డాక్టరు చేత లెక్క కట్టించుకోవచ్చు. ఎస్ట్రడయాల్ (ఎస్ట్రోజెన్ హార్మోన్) పరీక్ష రొమ్ము నొప్పి, వాపు లాంటివి ఉన్నప్పుడు చాలు.

నెల తేడాలో టెస్టోస్టెరాన్ సగానికి పడింది, లేదా రెండింతలైంది

నూటికి తొంభై సార్లు కారణం రక్తం ఇచ్చిన రోజు. టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ లాంటి ఇంజక్షన్ పడిన ఒకటి రెండు రోజులకి హార్మోన్ బాగా పైకి పోయి, తర్వాత మెల్లగా దిగుతుంది. ఒకసారి మంగళవారం, ఇంకోసారి ఆదివారం ఇచ్చి ఆ రెండు నంబర్లనీ పోల్చడం కుదరదు. డాక్టరు ఇంజక్షన్ రాసి ఉంటే ప్రతిసారీ ఒకే రోజు, సాధారణంగా తర్వాతి డోసుకి ముందు, ఇవ్వండి. ఏ రోజు ఇవ్వాలో ఆయన వేరేగా చెబితే అదే పాటించండి. మానేసినవాళ్లు ఉదయం 7 నుంచి 10 లోపు పరగడుపున ఇవ్వాలి, సొంత హార్మోన్ ఉదయమే ఎక్కువగా ఉంటుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి రక్తం ఇచ్చి "నాది పడిపోయింది" అని భయపడినవాళ్లని చాలామందిని చూశాను.

ఇంకొకటి యూనిట్లు. ఒక ల్యాబ్ ఎన్‌జీ/డీఎల్‌లో ఇస్తుంది, ఇంకొకటి ఎన్‌మోల్/లీటర్‌లో ఇస్తుంది. రెండోదాన్ని 28.84తో గుణిస్తే మొదటిది వస్తుంది. 20 అని చూసి ఏడుపు ముఖం పెట్టిన కుర్రాడిది 577, అంటే మామూలే.

"టెస్ట్" (టెస్టోస్టెరాన్) అని కొని వేసుకుంటున్నా నంబరు తక్కువగానే వస్తోందంటే సీసాలో ఉన్నది వేరే మందు కావచ్చు. నాండ్రోలోన్, స్టానోజొలాల్ లాంటి వేరే స్టెరాయిడ్లు సొంత టెస్టోస్టెరాన్‌ని అణిచేస్తాయి. ఏముందో తెలియనిదాన్ని ఒంట్లోకి ఎక్కిస్తున్నామని ఆ నంబరు చెబుతోంది. డోసు పెంచడం దీనికి విరుగుడు కాదు.

మానేసి నెలలైంది, అయినా టెస్టోస్టెరాన్ ఆకాశంలో, ఎల్‌హెచ్ పాతాళంలో

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. దీని దగ్గర నేనే మోసపోయాను.

మూడేళ్ల కిందట 26 ఏళ్ల కుర్రాడొకడు వచ్చాడు. కోర్సు ఆపేసి నాలుగు నెలలైందన్నాడు. టెస్టోస్టెరాన్ 1,100 దాటింది, ఎస్ట్రడయాల్ చాలా ఎక్కువ, ఎల్‌హెచ్ 0.4. పైగా థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 0.1, అదీ బాగా తక్కువ. దాచిపెట్టి ఇంకా వాడుతున్నాడనే అనుకున్నాను. మళ్లీ అడగలేదు, రిపోర్టు చేతిలో పెట్టి పంపేశాను. జిమ్‌లో ఎవరో ఎస్ట్రోజెన్ ఎక్కువైందని చెప్పి దాన్ని తగ్గించే మాత్ర ఇప్పించారు. రెండు వారాలు వాడేసరికి కీళ్లన్నీ నొప్పులు, ఒంట్లో సత్తువ లేదు, దేని మీదా మనసు లేదు. తల్లి వెంటపెట్టుకుని తీసుకొచ్చింది. "బాబూ, వీడు తిండి మానేశాడు, ఓ మాట అడుగు" అంది ఆవిడ. అప్పుడు గానీ నేను వాడి ముఖం వైపు సరిగా చూడలేదు. నుదుటి దగ్గర జుట్టు పలచబడి ఉంది. "జుట్టుకేమైనా వాడుతున్నావా?" అన్నాను. జేబులోంచి సీసా తీశాడు. బయోటిన్, 10,000 ఎంసీజీ, రోజుకొకటి.

బయోటిన్ ఒక విటమిన్. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది సుమారు 30 ఎంసీజీ. ఆ మాత్రలో ఉన్నది దానికి 300 రెట్లకు పైనే. ఒంటికి పెద్దగా హాని చేయకపోవచ్చు, కానీ పరీక్షని పాడుచేస్తుంది. చాలా హార్మోన్ మెషీన్లు పనిచేయడానికి బయోటిన్‌నే వాడుకుంటాయి. స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు వల్ల మిగిలినదాని నుంచి వచ్చే వెలుతురునే మెషీన్ కొలుస్తుంది. మీ రక్తంలో బయోటిన్ నిండుగా ఉంటే ఆ చోట్లన్నీ అదే ఆక్రమిస్తుంది, మెషీన్ కొలవాల్సింది కడిగేటప్పుడు కొట్టుకుపోతుంది, వెలుతురు తగ్గిపోతుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ లాంటి వాటిలో వెలుతురు తక్కువంటే హార్మోన్ తక్కువని లెక్క, కాబట్టి అవి లేనట్టు చూపిస్తుంది. టెస్టోస్టెరాన్, ఎస్ట్రడయాల్, థైరాయిడ్ టీ4 లాంటి చిన్న అణువుల పరీక్షల్లో లెక్క తిరగబడుతుంది: వెలుతురు తగ్గితే హార్మోన్ ఎక్కువని చూపిస్తుంది.

ఇది స్టెరాయిడ్ వాడినవాళ్లనే ఎక్కువ పట్టడానికి కారణం ఉంది. స్టెరాయిడ్ వల్ల జుట్టు ఊడుతుంది, జుట్టు కోసం బయోటిన్ మింగుతారు, ఆ బయోటిన్ అచ్చం ఇంకా స్టెరాయిడ్ వాడుతున్నట్టే రిపోర్టు తయారుచేస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. స్టెరాయిడ్ వల్ల ఊడే జుట్టుకి బయోటిన్ మందు కూడా కాదు.

నాలుగు రోజులు ఆ మాత్ర ఆపించి, ఉదయం ఎనిమిదింటికి మళ్లీ రక్తం తీశాను. టెస్టోస్టెరాన్ 210, ఎల్‌హెచ్ 2.1, టీఎస్‌హెచ్ 2.3. హార్మోన్ ఎక్కువై బాధపడుతున్నాడనుకున్నవాడికి అసలు హార్మోన్ బాగా తక్కువ. మేం చదివింది తలకిందుల రిపోర్టు. విశాఖపట్నంలో హార్మోన్ల డాక్టరుకి (ఎండోక్రైనాలజిస్టు) చూపించుకున్నాడు, ఆయన ముందు ఆ ఎస్ట్రోజెన్ మాత్ర ఆపించారు.

రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు మూడు రోజులు బయోటిన్ ఆపండి. కిడ్నీ జబ్బు ఉంటే అది ఒంట్లోంచి పోవడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, డాక్టరుని అడగండి. బయోటిన్ అని పెద్ద అక్షరాలతో రాయని వాటిలోనూ అది ఉంటుంది: జుట్టు-చర్మం-గోళ్ల మాత్రలు, చప్పరించే గమ్మీలు, జిమ్‌లో అమ్మే మల్టీవిటమిన్ డబ్బాలు. వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. మీ నమూనా వెళ్లే మెషీన్‌కి ఈ ఇబ్బంది ఉందా అని ల్యాబ్‌ని అడగండి. కొత్త కిట్లు కొన్ని చాలా బయోటిన్‌ని తట్టుకుంటాయి, కొన్ని మెషీన్లు ఆ పద్ధతే వాడవు. అనుమానం ఉంటే ఆ పద్ధతి వాడని మెషీన్ మీద ఒక్క టెస్టోస్టెరాన్ చేయిస్తే చాలు, మొత్తం ప్యాకేజీ మళ్లీ కట్టక్కర్లేదు.

ఇదే బయోటిన్ గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్‌ని కూడా కొన్ని మెషీన్లలో తక్కువ చేసి చూపిస్తుంది. అలా తక్కువ వచ్చిన ఒక మనిషి చనిపోయిన సంగతిని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబరు హెచ్చరికలో చెప్పింది. స్టెరాయిడ్ వాడిన ఒంటికి గుండె ముప్పు ఎక్కువ. ఛాతీలో నొప్పితో ఆసుపత్రికి వెళ్తే స్టెరాయిడ్ సంగతి, జుట్టు మాత్ర సంగతి రెండూ డాక్టరుకి చెప్పండి. సిగ్గుపడే వేళ కాదది.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (లివర్ పరీక్షలో చూసే ఎంజైములు) పెరిగాయి

ముందు రోజు కాళ్ల వర్కవుట్ చేశారా? ఆ ఎంజైములు కండలోనూ ఉంటాయి, గట్టిగా బరువులెత్తితే రక్తంలోకి వస్తాయి. ఓ వారం బరువులు ఆపి, జీజీటీ (లివర్ ఎంజైమ్), సీపీకే (కండ ఎంజైమ్) కలిపి మళ్లీ చేయించండి. జీజీటీ మామూలుగా ఉండి సీపీకే ఎక్కువుంటే అది చాలావరకు కండ నుంచి వచ్చిందే. కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వారం ఆగొద్దు. నోటితో మింగే స్టెరాయిడ్ మాత్రలు కాలేయాన్ని నిజంగానే దెబ్బతీస్తాయి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఎక్కువ

ఎండాకాలం నీళ్లు తాగకుండా వచ్చినా కొంచెం పెరుగుతుంది. బాగా నీళ్లు తాగి మరోసారి ఇవ్వండి. అప్పటికీ 54 శాతం దాటితే అది నిజమైన చిక్కదనం. డాక్టర్లు తాము రాసిన టెస్టోస్టెరాన్‌ని కూడా ఆ అంకె దగ్గర ఆపేస్తారు. రక్తదానం చేసి నంబరు దించుకుని మళ్లీ మొదలుపెట్టడం పరిష్కారం కాదు.

క్రియాటినిన్ కొద్దిగా పెరిగితే క్రియాటిన్ పొడి, మాంసం, కండ బరువు కారణం కావచ్చు. పొడి ఆపి మళ్లీ చూడండి, దాంతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చవకగా చూసుకోవచ్చు. పోతుంటే డాక్టరుకి చూపించాలి.

ఎస్ట్రడయాల్ మామూలు పరీక్ష మగవాళ్లలో ఉండే చిన్న నంబర్లని సరిగా కొలవలేదు. ఒక్క రిపోర్టు చూసి దానికి మాత్ర వేసుకోవద్దు.

ప్రొలాక్టిన్ ఒక్కటే కొంచెం ఎక్కువగా వస్తే సూది భయానికి, నిద్ర లేకపోవడానికి కూడా పెరుగుతుంది. ఇంకో రోజు వచ్చి, అరగంట కూర్చున్నాక ఇవ్వండి. మాక్రోప్రొలాక్టిన్ (యాంటీబాడీతో ముద్దకట్టిన ప్రొలాక్టిన్), పరీక్షకి అడ్డొచ్చే యాంటీబాడీలు, కణితులు ఇవన్నీ అరుదు. పైన చెప్పినవన్నీ చూశాక కూడా నంబరు కదలకపోతే వాటి సంగతి డాక్టరు చూసుకుంటారు.

మానేసిన తర్వాత మనసు బాగా కుంగిపోతే, బతకాలనిపించకపోతే, రిపోర్టు వచ్చేదాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఎత్తుతారు.

ఈసారి రక్తం ఇచ్చేటప్పుడు చీటీ వెనక నాలుగు వివరాలు రాసి మాకివ్వండి: ఆఖరి ఇంజక్షన్ తేదీ, రక్తం ఇచ్చిన టైము, ఆఖరి వర్కవుట్ ఎప్పుడు, గత వారంలో మింగిన ప్రతి మాత్రా, పొడీ. ఆ కుర్రాడి తల్లి చెప్పాక నేను ఆ చీటీ లేకుండా ఎవరి దగ్గరా సూది పట్టుకోవడం లేదు.