రూల్స్ ఇంజిన్‌కి క్లస్టర్ పెట్టేటప్పుడు: సర్వర్లు కాదు, వెర్షన్లు చూసుకోండి

లోన్ ఇవ్వాలా వద్దా, డిస్కౌంట్ ఎంత లాంటివన్నీ ఒక్క రూల్స్ సర్వరే (మనం రాసిపెట్టిన బిజినెస్ రూల్స్ నడిపి జవాబు చెప్పేది) చెప్తుంటే అది పడిపోయిన రోజు బిజినెస్ మొత్తం ఆగిపోతుంది, అందుకే ఇంకో సర్వర్ పెట్టేద్దాం అంటారు. పెట్టడం పెద్ద పనేం కాదు, రెండూ ఒకే మాట చెప్పేలా చూడటమే అసలు తలనొప్పి. నేను డ్రూల్స్ అనే రూల్స్ ఇంజిన్, దాన్ని సర్వర్‌గా నడిపే కై సర్వర్ (KIE Server) మీద చెప్తున్నా, మిగతావాటికీ దాదాపు ఇంతే.

ముందు మీ సెషన్ స్టేట్‌లెస్సా స్టేట్‌ఫుల్లా చూడండి. స్టేట్‌లెస్ అయితే డేటా ఇస్తాం, రూల్స్ ఫైర్ అవుతాయి, జవాబొస్తుంది, అంతా మర్చిపోతుంది, కాబట్టి ఏ నోడ్‌కి (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్) పంపినా ఒకటే. స్టేట్‌ఫుల్ అయితే ఫ్యాక్ట్స్ (మనం ఇచ్చిన డేటా) ఆ నోడ్ మెమరీలోనే ఉంటాయి, స్టిక్కీ సెషన్ (ఒక యూజర్‌ని ఎప్పుడూ ఒకే నోడ్‌కి పంపడం) పెట్టాం కదా అనుకోకండి, నోడ్ పోతే సెషన్ కూడా దాంతోపాటే పోతుంది. కుదిరితే స్టేట్‌లెస్‌కి మార్చేయండి.

నోడ్లు కనీసం రెండు, కానీ రెండే ఉంటే ఒక్కోటి సగం కెపాసిటీ దాటకూడదు, లేకపోతే ఒకటి పోగానే రెండోది కూడా లోడ్‌కి చచ్చిపోతుంది. మూడు పెడితే కాస్త ఊపిరి ఆడుతుంది.

ఈ నోడ్లకి ముందు వైపు, రిక్వెస్ట్‌లని వాటికి పంచే హెచ్ఏప్రాక్సీ (HAProxy) పెట్టండి, అది కూడా ఒక్కటే ఉంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే కాబట్టి రెండు పెట్టి కీపలైవ్‌డీతో (keepalived) వర్చువల్ ఐపీ, అంటే ఒకటి పోతే రెండోదానికి మారిపోయే అడ్రస్, ఇవ్వండి. హెచ్ఏప్రాక్సీలో హెల్త్ చెక్ (నోడ్ బతికే ఉందా అని చూడటం) ఆన్ చేస్తే డిఫాల్ట్‌గా 2 సెకన్లకోసారి వెళ్తుంది, వరసగా 3 సార్లు ఫెయిలైతే నోడ్‌ని పక్కన పెడుతుంది. కానీ ఆ చెక్ పోర్ట్ తెరిచి ఉందా అని మాత్రమే చూస్తుంది, రూల్స్ లోడ్ అయ్యాయా లేదా దానికి అనవసరం. కై సర్వర్‌లో రెడీచెక్ యూఆర్ఎల్ ఉంది, దాన్ని పెట్టండి, ఇంకా మంచిది ఏంటంటే జవాబు ముందే తెలిసిన ఒక డమ్మీ రిక్వెస్ట్ పంపి చూడటం.

ఇక వెర్షన్లు. కైస్కానర్ (కొత్త రూల్స్ వచ్చాయా అని చూస్తుండేది) ఆన్ చేసి వెర్షన్ లేటెస్ట్ అని వదిలేస్తే ప్రతి నోడ్ తన టైమ్‌లో తను మేవెన్ రిపోజిటరీకి (ప్యాకేజీలు దాచే చోటు) వెళ్ళి కొత్త జార్ (రూల్స్ ప్యాక్ చేసిన ఫైల్) తెచ్చుకుంటుంది, ఈలోపు ఒక నోడ్ పాత రూల్‌తో అప్రూవ్ అంటే పక్కది కొత్త రూల్‌తో రిజెక్ట్ అంటుంది, కస్టమర్ రీఫ్రెష్ కొట్టినప్పుడల్లా జవాబు మారిపోతుంది, లాగ్స్‌లో ఎర్రర్ అన్నదే ఉండదు. అందుకే స్కానర్ ఆపేసి వెర్షన్ నంబర్ ఫిక్స్ చేయండి. కొత్తదాన్ని వేరే కంటైనర్‌గా (డాకర్ కాదు, కై సర్వర్‌లో ఒక రూల్స్ వెర్షన్ నడిచే చోటు) అన్ని నోడ్లలో ముందే లోడ్ చేసి, కొన్ని రిక్వెస్ట్‌లు పంపి ఒకసారి వార్మప్ చేసి, ఆ తర్వాతే ట్రాఫిక్ మార్చండి. జవాబులో రూల్ వెర్షన్ కూడా పంపండి, తర్వాత గొడవొస్తే అదే దిక్కు. జార్‌ల కాపీ ప్రతి నోడ్‌లో లోకల్‌గా ఉంచండి, రిపోజిటరీ డౌన్‌లో ఉన్నప్పుడే నోడ్ రీస్టార్ట్ అవుతుంది, అదేం శాపమో.

ఫలానా తేదీ నుంచి అమలు అనే రూల్స్ ఉంటే నోడ్ల గడియారాలు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద టైమ్ సరిచేసే పద్ధతి) కలపండి, అంతకన్నా తేదీని రిక్వెస్ట్‌లోనే పంపడం మేలు. రూల్ లోపలినుంచి మెయిల్ పంపడం లాంటివి వద్దు, రీట్రై అయితే రెండుసార్లు వెళ్తాయి.

టెస్టింగ్‌లో అందరూ ప్రాసెస్‌ని కిల్ చేసి, పక్క నోడ్ అందుకుంది అని సంబరపడతారు. లోడ్ నడుస్తుండగా కిల్ మైనస్ స్టాప్ (kill -STOP, ప్రాసెస్‌ని చంపకుండా ఉన్నచోటే ఆపేసే కమాండ్) కొట్టి చూడండి, ప్రాసెస్ గడ్డకట్టుకుపోయినా క్యూ నిండేదాకా కెర్నల్ కనెక్షన్లు తీసుకుంటూనే ఉంటుంది, ఉత్త పోర్ట్ చెక్ పెట్టినవాళ్ళకి అప్పటిదాకా నోడ్ పచ్చగానే కనిపిస్తుంది.