కంప్యూటర్ ఆన్ కావడం లేదా? ముందు అది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడండి

మా అక్క కంప్యూటర్ ఒకరోజు పొద్దున మొరాయించింది. నీలం తెర మీద తెల్లక్షరాలు వచ్చేవి, దానంతట అదే ఆగి మళ్లీ మొదలయ్యేది, మళ్లీ అదే నీలం తెర. అక్క దాన్ని రిపేరుకిచ్చింది. సాయంత్రానికి బాగైపోయిందని తిరిగిచ్చారు. నిజంగానే ఆన్ అయింది, కొత్తదానిలా ఉంది. ఎందుకంటే లోపల ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్లీ వేశారు. పాప పుట్టిన రోజు నుంచి ఏడాది నిండేదాకా తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉండేవి, ఇంకెక్కడా లేవు. డిస్క్ చెడిపోలేదు, ఫోటోలు చెడిపోలేదు. విండోస్ ఒక్కటే దెబ్బతింది. ఒక్క మాట అడిగి, ముందు ఫోటోలు బయటికి తీసి, ఆ తర్వాత తుడిచి ఉంటే సరిపోయేది.

అది తెలిశాక నాకు చాలా రోజులు మనసు కుదుటపడలేదు. అప్పటి నుంచి మా ఇంట్లోగానీ తెలిసినవాళ్ల ఇళ్లలోగానీ కంప్యూటర్ లేవకపోతే ముందు నేనే కూర్చుని చూస్తున్నాను. నేను ఇంజినీర్‌ని కాను. చేసి చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఫోన్ చేసినవాళ్లంతా ఒకే మాట అంటారు: "ఆన్ కావట్లేదు." కానీ ఒకరికి బటన్ నొక్కినా చలనం ఉండదు, ఒకరికి ఫ్యాన్లు తిరుగుతాయి కానీ తెర నల్లగా ఉంటుంది, ఒకరికి కంపెనీ లోగో దగ్గర ఆగిపోతుంది, ఇంకొకరికి పాస్‌వర్డ్ కొట్టాక ఏమీ రాదు. ఇవి వేర్వేరు జబ్బులు. బటన్ నొక్కగానే ముందు ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని లోపలి భాగాలకి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) నుంచి కరెంటు వస్తుంది. తర్వాత మదర్‌బోర్డు (అన్ని భాగాలూ కలిసే పెద్ద బోర్డు) ప్రాసెసర్‌నీ, ర్యామ్‌నీ (పని జరుగుతున్నంతసేపు వాడుకునే మెమరీ), గ్రాఫిక్స్‌నీ పరీక్షించుకుంటుంది. ఆపైన బయోస్ (బోర్డులోనే ఉండి విండోస్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) డిస్క్‌ని వెతికి పట్టుకుంటుంది, డిస్క్‌లోంచి విండోస్ లేస్తుంది. ఒకటి అయితేనే ఇంకొకటి. కాబట్టి ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే, అంతవరకూ ఉన్నవన్నీ దాదాపు బాగున్నట్టే. తెర మీద ఏ సందేశం కనిపించినా ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. అది రెండు సెకన్లే ఉంటే వీడియో తీసి, ఆపి చదవండి.

అసలు చలనమే లేకపోతే

ముందు గోడ దగ్గర మొదలుపెట్టండి. అదే ప్లగ్‌లో టేబుల్ ల్యాంపో ఫోన్ ఛార్జరో పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డునీ యూపీఎస్‌నీ పక్కన పెట్టి, కంప్యూటర్‌ని నేరుగా గోడ ప్లగ్‌కి కలపండి. క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్విచ్ ఉంటుంది, ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి అది సున్నా వైపు పడిపోతుంటుంది. చాలా మానిటర్లకీ క్యాబినెట్‌కీ ఒకే రకం పవర్ కేబుల్ సరిపోతుంది కాబట్టి రెండూ మార్చి చూస్తే కేబుల్ సంగతి తేలిపోతుంది.

తర్వాత చేయాల్సింది చిన్న పనే కానీ చాలాసార్లు ఫలితం చూపించింది. ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ తీసేసి అలాగే చేయండి. బోర్డు మీద మిగిలిన కరెంటు దిగిపోయి, ఎక్కడో చిక్కుకుపోయిన చిప్ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటే, ఛార్జర్ పెట్టి అరగంట ఆగాకే బటన్ నొక్కండి. టైప్‌-సి ఛార్జర్ల విషయంలో ఒక మాట: 65 వాట్లు కావాల్సిన ల్యాప్‌టాప్‌కి 18 వాట్ల ఫోన్ ఛార్జర్ సరిపోదు, పిన్ను పట్టినంత మాత్రాన లాభం లేదు.

ఒకసారి అన్నీ చూసినా కదల్లేదు. చివరికి చూస్తే పాడైంది క్యాబినెట్ ముందున్న బటనే. దాని నుంచి రెండు సన్నని వైర్లు మదర్‌బోర్డుకి వెళతాయి. వాటిని తీసి, ఆ పిన్నుల మీద రీసెట్ బటన్ వైర్లు పెట్టాను. రీసెట్ నొక్కితే కంప్యూటర్ లేచింది.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో (కరెంటు నిలవ చేసే భాగాలు) వందల వోల్టులు నిలవ ఉండొచ్చు. అది పోతే మార్చాల్సిందే, ఇంట్లో బాగుచేసే వస్తువు కాదు.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది

ఇక్కడే జనం ఎక్కువగా భయపడతారు. "మదర్‌బోర్డు పోయింది" అనే మాట ఎక్కువగా వినిపించేదీ ఇక్కడే. తొందరపడకండి.

మానిటర్‌కి కరెంటు ఉందా, దాని మెనూలో సరైన ఇన్‌పుట్ ఎంచుకుని ఉందా చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి, పైన మదర్‌బోర్డుకి ఉన్న రంధ్రానికి కాదు. తర్వాత కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే రావడం లేదని అర్థం. లైటు మారకపోతే అది పరీక్షల దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు నేను మొదట చూసేది ర్యామ్‌నే.

మాకు తెలిసినవాళ్లు క్యాబినెట్‌ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చారు. అంతే, తెర రాలేదు. ఎవరో చూసి బోర్డు మార్చాలన్నారు. నేను వెళ్లి ర్యామ్ కార్డు తీసి మళ్లీ పెట్టాను, పది నిమిషాల పని. కదలికకి అది ఒక పక్క కొద్దిగా లేచి ఉంది.

చేసే పద్ధతి ఇది. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. క్యాబినెట్ లోపల రంగు వేయని ఇనుప భాగాన్ని చేత్తో తాకండి. ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు దానిలోకి దిగిపోతుంది, లేకపోతే అది చిప్‌లని దెబ్బతీయగలదు. ర్యామ్ కార్డు చివర్లలో ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కి కార్డుని నిలువుగా పైకి తీయండి. బంగారు రంగు కాళ్లని చేత్తో తాకొద్దు. అవి మసకబారి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా దులిపేయండి. కార్డు మీదున్న గాటు స్లాట్‌లో గట్టుతో కలిసేలా పెట్టి, రెండు చివరలా సమానంగా నొక్కండి. క్లిప్పు "టక్" మని పడాలి. ఆ చప్పుడు రాకపోతే కూర్చోనట్టే. రెండు కార్డులుంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది. ఒకదానితో లేచి ఇంకోదానితో లేవకపోతే దొంగ దొరికినట్టే. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావాటికి ఒక్క కార్డు పెట్టాల్సింది ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో. మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, ఒకసారి సరిచూసుకోండి.

డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త బోర్డులైతే ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలపాటు తెర నల్లగానే ఉండొచ్చు. బోర్డు ఆ ర్యామ్‌కి తగ్గట్టు తనని తాను సర్దుకుంటుంది. ఆ సమయంలో పాడైందనుకుని ఆపేయొద్దు.

బీప్ చప్పుళ్లు వస్తే లెక్కపెట్టండి, వాటి అర్థం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి మాన్యువల్ చూడాల్సిందే. కొన్ని బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్ నుంచి లేవడం) అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలిగి ఆరకుండా ఉంటే జబ్బు అక్కడ.

మదర్‌బోర్డు మీదుండే నాణెంలాంటి బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. సీఆర్2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులది. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, బయోస్ సెట్టింగులు చెదిరిపోతాయి. మార్చడం తేలికే. కానీ తీసేముందు బయోస్ తెరలన్నీ ఫోటో తీసుకోండి. డిస్క్ ఏ పద్ధతిలో పనిచేయాలో చెప్పే సెట్టింగ్ మారిపోతే, బాగున్న విండోస్ కూడా లేవదు. డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌లో ఉన్నది వేరేవాళ్లు చదవకుండా విండోస్ వేసే తాళం) ఉంటే, దాన్ని తెరిచే రికవరీ కీ అడగొచ్చు.

లోగో వస్తుంది, డిస్క్ దొరకలేదంటుంది

"నో బూటబుల్ డివైస్" అని వస్తే ముందు పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు, బయటి హార్డ్ డిస్క్‌లు అన్నీ పీకేయండి. చాలాసార్లు కంప్యూటర్ వాటిలో విండోస్ కోసం వెతుకుతుంటుంది. అప్పటికీ రాకపోతే ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ (కంపెనీని బట్టి మారుతుంది) వరసగా నొక్కి బయోస్‌లోకి వెళ్లి, డిస్క్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే బూట్ వరసలో (దేని నుంచి ముందు లేవాలో చెప్పే జాబితా) "విండోస్ బూట్ మేనేజర్" మొదట ఉండాలి. కనిపించకపోతే కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, డిస్క్ కేబుల్ రెండు వైపులా తీసి గట్టిగా పెట్టండి.

హార్డ్ డిస్క్ లోపలి నుంచి టిక్... టిక్... అని ఆగకుండా వినిపిస్తే వెంటనే ఆపేయండి. ఇంకోసారి ప్రయత్నిద్దాం అనిపిస్తుంది, కానీ ఆన్ చేసిన ప్రతిసారీ మిగిలింది కూడా గీసుకుపోవచ్చు. ఫైళ్లు ముఖ్యమైతే అక్కడితో మీ పని అయిపోయింది, డేటా రికవరీ తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

విండోస్ మొదలై మళ్లీ మళ్లీ తిరుగుతుంటే

మా అక్కది ఇదే. అందుకే ఈ భాగం మీరు నిదానంగా చదవాలని నా కోరిక. డిస్క్ కనిపిస్తోంది, చప్పుడు చేయడం లేదు, విండోస్ మాత్రమే లేవడం లేదు అంటే మీ ఫైళ్లు చాలావరకు క్షేమంగానే ఉంటాయి. ఏ రిపేరూ మొదలుపెట్టకముందే వాటిని బయటికి తీయండి.

దానికి ఇంకో కంప్యూటర్ మీద ఉబుంటు లాంటి లినక్స్‌ని (విండోస్‌కి బదులుగా వాడే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. 8 జీబీది సరిపోతుంది, కాస్త పెద్దదైతే ఇంకా నయం. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీది వాడండి. దానితో మీ కంప్యూటర్ ఆన్ చేసి "ట్రై" అన్నదే ఎంచుకోండి, "ఇన్‌స్టాల్" అన్నది కాదు. డిస్క్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ అక్కడే కనిపిస్తాయి. బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఈ డిస్క్‌ని చదవడమేగానీ రాయడం కుదరదని లినక్స్ అంటే కంగారు పడకండి, కాపీ చేసుకోవడానికి చదవగలిగితే చాలు.

డిస్క్ బిట్‌లాకర్ తాళంలో ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. చాలామందికి ఆ తాళం ఉన్న సంగతే తెలియదు, కొత్త ల్యాప్‌టాప్‌లలో దానంతట అదే పడి ఉండొచ్చు. కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది, ఫోన్‌లో ఖాతా తెరిచి చూడొచ్చు. మీ కంప్యూటర్ ఇప్పుడు బాగానే ఉంటే ఈ రోజే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి, దయచేసి.

ఫైళ్లు చేతికొచ్చాక రిపేరు. వరసగా రెండుసార్లు లేవలేకపోతే విండోస్ దానంతట అదే రికవరీ తెర చూపిస్తుంది. రాకపోతే, లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ఇలా రెండుసార్లు చేస్తే మూడోసారి సాధారణంగా వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ముందు స్టార్టప్ రిపేర్ చేసి చూస్తాను. లాభం లేకపోతే, ఈమధ్యే అప్‌డేట్ వచ్చి ఉంటే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, తర్వాత సిస్టమ్ రిస్టోర్. అప్పటికీ కాకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ కొట్టి, వచ్చిన జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్. విండోస్ అందులో అత్యవసరమైనవాటితోనే లేస్తుంది కాబట్టి, చివరగా వేసిన డ్రైవర్‌నో సాఫ్ట్‌వేర్‌నో తీసేయొచ్చు.

సేఫ్ మోడ్‌ని తక్కువగా చూడకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. నీలం తెర, రీస్టార్ట్, మళ్లీ నీలం తెర, అచ్చం అక్క కంప్యూటర్‌లాగే. వాటిని బాగుచేయడానికి ముఖ్యంగా చెప్పిన దారి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేయడం. ఫార్మాట్ (డిస్క్ అంతా తుడిచేయడం) అవసరం లేదు.

"రీసెట్ దిస్ పీసీ" అన్నది ఆఖరిది. అందులో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే ఫైళ్లు ఉంటాయి, మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. పక్కనే ఉండే రిమూవ్ ఎవ్రీథింగ్ మీద పొరపాటున కూడా చెయ్యి వేయొద్దు. తెర మీద అప్‌డేట్ శాతం కనిపిస్తూ ఉంటే మాత్రం ఏమీ చేయకండి. డిస్క్ లైటు మిణుకుతున్నంతసేపు, గంటలు పట్టినా ఆగండి.

పాస్‌వర్డ్ కొట్టాక నల్లటి తెర మీద మౌస్ బాణం ఒక్కటే ఉంటే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. రన్ న్యూ టాస్క్‌లో ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే చాలాసార్లు డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా లేవకపోతే రిపేరుకి ఇవ్వాల్సిందే, అందులో తప్పేం లేదు. జబ్బు డిస్క్‌లో కాదని తెలిస్తే నేను డిస్క్ తీసి ఇంట్లో పెట్టుకుని మిగతాది ఇస్తాను. తీయడం కుదరకపోతే క్యాబినెట్ మీద ఒక కాగితం అంటిస్తాను. ఎక్కడిదాకా వచ్చి ఆగుతోందో, ఏ సందేశం వచ్చిందో, నేను ఏమేం చేసి చూశానో రాసి, అడుగున ఇంకో మాట రాస్తాను: "నన్ను అడక్కుండా ఫార్మాట్ చేయొద్దు." దాని కింద రెండు గీతలు గీసి, నా ఫోన్ నంబర్ పెద్ద అంకెల్లో రాస్తాను.